దారి మీది, ఎంపిక మాది

తెలుగు నగరాల్లోని అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు బహిరంగ లేఖ



మెయింటెనెన్స్ వసూళ్లు, లిఫ్ట్ రిపేర్లు, నీళ్ల ట్యాంకర్ల బేరాలు, చెప్పకుండా ఊరెళ్లిపోయే వాచ్‌మన్లు. జీతం లేని ఈ కొలువులో మీరు పడే పాట్లు ఫ్లాట్లలో ఉండేవాళ్లందరికీ తెలుసు. మీ చేతిలోకి ఎలా వచ్చిందో మీకే గుర్తులేని ఒక అధికారం గురించి మాట్లాడదామని ఇది రాస్తున్నాను. మా ఇళ్లలోకి ఏ కంపెనీ ఇంటర్నెట్ రావాలో, ఏది రాకూడదో ఇవాళ చాలా కాంప్లెక్సుల్లో తేలుస్తున్నది మీ కమిటీలే. ఆ నిర్ణయం మాకు వదిలేయండి. దానికి బదులు మేం ఎవరికి వాళ్లం చేసుకోలేని వేరే పని ఒకటి ఉంది, అది మీరు చేయండి.

కొత్త కాంప్లెక్సుల్లో జరిగే తంతు మీకు తెలియంది కాదు. బిల్డర్ తాళాలు ఇచ్చేనాటికే ఒక కంపెనీ సెల్లార్‌లో పెట్టె బిగించి, లిఫ్ట్ పక్క డక్టులో వైర్లు లాగేసి ఉంటుంది. సంఘం ఏర్పడగానే ఆ కంపెనీ మనిషి స్వీట్ల డబ్బాతో వస్తాడు. క్లబ్‌హౌస్‌కి, సెక్యూరిటీ గదికి, సీసీ కెమెరాలకి ఉచితంగా కనెక్షన్ ఇస్తానంటాడు. కొన్నిచోట్ల కార్పస్ ఫండ్‌కి ఎంతో కొంత సొమ్ము కూడా ముట్టజెబుతాడు. తిరిగి అడిగేది ఒక్కటే, ఇంకో కంపెనీ లోపలికి రాకూడదు. ఆ మాట కాగితం మీద ఉండొచ్చు, నోటిమాటగానూ ఉండొచ్చు. అమలు మాత్రం గేటు దగ్గర పక్కాగా జరుగుతుంది. మరో కంపెనీ కుర్రాడు నిచ్చెనతో వస్తే 'సెక్రటరీ గారి పర్మిషన్ లేదు' అని సెక్యూరిటీ వెనక్కి పంపేస్తాడు. పాత అపార్ట్‌మెంట్లలో బిల్డర్ బదులు ఏరియా కేబుల్ ఆపరేటర్ ఉంటాడు, తేడా అంతే.

పాల ప్యాకెట్ ఏ డెయిరీదో, పొద్దున్నే గుమ్మం ముందు పడే పేపర్ ఏదో సంఘం తీర్మానం చేయదు. పాలవాడికి, పేపర్ కుర్రాడికి గేటు తీస్తుంది, అంతవరకే. ఇంటర్నెట్ దగ్గరికి వచ్చేసరికి బిల్లు కట్టేది మేము, బేరం ఆడేది మీరు అయ్యారు.

ఆ బేరం గిట్టుబాటైందో లేదో ఒకసారి లెక్క వేద్దాం. రెండు వందల ఫ్లాట్ల కాంప్లెక్స్ అనుకోండి. ఇంటికి నెలకు 999 రూపాయల ప్లాన్. ప్రకటనలో అంతే కనిపిస్తుంది గానీ దాని మీద 18 శాతం జీఎస్టీ పడి 1,179 దాకా అవుతుంది. అన్ని ఇళ్లదీ కలిపితే ఏడాదికి 28 లక్షల పైమాట. సంఘానికి నాలుగు ఉచిత కనెక్షన్లు దక్కాయనుకున్నా, అదే ధరకు లెక్కగడితే వాటి విలువ ఏడాదికి 57 వేలు దాటదు. 28 లక్షల గిరాకీకి అడ్డు గోడ కట్టి పెట్టినందుకు మనకు ముట్టిన కూలి అది. పైగా పోటీ లేదని తెలిసిన కంపెనీ మొదటి ఏడాది ఇచ్చిన ఆఫరు రెండో ఏడాది ఎందుకు ఇస్తుంది? ఫోన్ చేసిన గంటకు లైన్‌మన్‌ని ఎందుకు పంపుతుంది? విసిగిపోయినవాడు ఇంకో కంపెనీకి మారిపోగలడన్న భయం ఉన్నచోటే రిపేర్లు త్వరగా అవుతాయి.

డబ్బు సంగతి అలా ఉంచితే, రెండు వందల ఇళ్లకూ ఒకే కనెక్షన్ సరిపోతుందనుకోవడంలోనే పొరపాటు ఉంది. మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్ దంపతులు. పొద్దున్న మొదలైన కాల్స్ అమెరికా క్లయింటు నిద్రలేచే వేళకు గాని ఊపందుకోవు. వాళ్లకు కావాల్సింది తెగని లైను, డౌన్‌లోడ్‌తో సమానంగా అప్‌లోడ్. అయిదో అంతస్తులో రిటైరైన మాస్టారు, వాళ్లావిడ. డల్లాస్‌లో ఉన్న మనవడితో వీడియో కాల్, రాత్రి ఓ సినిమా. వాళ్లకు అన్నిటికంటే చవక ప్లానే ఎక్కువ. ఆ పక్క ఫ్లాటాయనకు తాళం వేసి ఊరెళ్లినప్పుడు ఇంట్లో కెమెరాను సొంత రికార్డర్ ద్వారా చూసుకోవాలి. చాలా కంపెనీలు ఎన్నో ఇళ్లను కలిపి ఒకే పబ్లిక్ ఐపీ చిరునామా వెనక పెడతాయి. అలాంటి లైను మీద బయటి నుంచి ఇంట్లో పరికరాన్ని నేరుగా పట్టుకోవడం కుదరదు. ఆయనకు విడిగా స్టాటిక్ ఐపీ ఇచ్చే కంపెనీ కావాలి. ఇక సెల్లార్ పక్క గదిలో ఉండే వాచ్‌మన్ పిల్లలకూ చదువులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబర్‌లో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి నెలకు 149 రూపాయల ప్లాన్‌తో జనంలోకి వచ్చింది. వెయ్యి రూపాయల ప్లాన్లు అమ్మే ఒక్క కంపెనీకి గేటు రాసిచ్చేస్తే, అలాంటి చవక లైను అవసరమైనవాళ్లకు దారే ఉండదు.

కంపెనీలు మిమ్మల్ని ఒప్పించేది వేగం అంకెలతో. 100, 300, ఒక గిగాబిట్. ఆ అంకెల వెనక ఏముందో తెలిస్తే వాటికి లొంగాల్సిన పని ఉండదు. ఒక 4కే సినిమా చూడటానికి నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క 15 ఎంబీపీఎస్. మామూలు హెచ్‌డీకి 5 చాలు. అంటే నలుగురూ నాలుగు తెరల మీద 4కే చూసినా 60 దాటదు. 100 ఎంబీపీఎస్ అంటే ఫైల్ దిగేటప్పుడు సెకనుకు 12.5 మెగాబైట్లు, మామూలు కుటుంబానికి ధారాళం. పడకగదిలో వీడియో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ప్లాను కానే కాదు. హాల్లో టీవీ వెనక కుక్కిన రూటర్, దానికీ మంచానికీ మధ్య రెండు గోడలు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటితే నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను మెరుగ్గా దాటుతుంది గానీ, అపార్ట్‌మెంట్‌లో పక్కింటి వైఫైలన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. ఈ చిక్కు తీరడానికి 300 ప్లాన్‌కి మారడం కంటే రూటర్‌ను హాలు మధ్యకు జరపడం మేలు.

అసలు తేడా వచ్చేది సెల్లార్ నుంచి మా గుమ్మం దాకా ఉన్న చివరి వంద అడుగుల్లో. అది ఉండేది మీ డక్టులో. మన నగరాల్లో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటి దాంట్లో ఫైబర్ సెల్లార్ దాకానే వస్తుంది. అక్కడో నెట్‌వర్క్ స్విచ్ ఉంటుంది. దాని నుంచి ప్రతి ఫ్లాట్‌కి రాగి తీగల కేబుల్ వెళ్తుంది. ఈ కేబుల్ వంద మీటర్లకు మించి పనిచేయదు. ఆ స్విచ్‌కి కరెంటు కావాలి. కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్ మీద రూటర్ దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి, నెట్ మాత్రం ఉండదు. కింద స్విచ్ చచ్చిపోయిందని పైన ఉన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే 'రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి' అంటారు. రెండో పద్ధతిలో ఫైబర్ నేరుగా ఫ్లాట్‌లోకే వస్తుంది. మధ్యలో ఉండే స్ప్లిటర్ వెలుతురును విడగొట్టే గాజు పరికరం, దానికి కరెంటు అక్కర్లేదు. కంపెనీ ఎక్స్ఛేంజిలో విద్యుత్తు ఉండి, మా రూటర్‌కి ఇన్వర్టర్ ఉంటే లైను నిలుస్తుంది. దీనికీ ఒక మెలిక ఉంది. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ మీద దాదాపు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్‌ను 32 ఇళ్లో, 64 ఇళ్లో పంచుకుంటాయి. 32 ఇళ్లూ ఒకేసారి గట్టిగా లాగితే ఇంటికి 78 ఎంబీపీఎస్ దక్కుతుంది. అలా అందరూ ఒకేసారి లాగడం అరుదు. ఇళ్లు 64 అయి, వెనక కంపెనీని బయటి ఇంటర్నెట్‌కి కలిపే లైను ఇరుకైతే మాత్రం రాత్రి తొమ్మిదింటికి ఆ అరుదైన రోజు తరచుగా వస్తుంది.

ఇందులో ఏ ఒక్కటీ ప్రకటనలో కనిపించదు. ఏసీటీ, ఎయిర్‌టెల్, జియో, బీఎస్ఎన్ఎల్, హాత్‌వే, ఎక్సైటెల్ లాంటి పేర్లు హైదరాబాద్ అంతటా వినిపిస్తాయి గానీ, మీ వీధిలో వాటిలో ఏది ఎలా పనిచేస్తుందో ఆ పేరు చెప్పదు. చాలాచోట్ల బోర్డు మీద పెద్ద కంపెనీ, నిచ్చెన ఎక్కేది స్థానిక భాగస్వామి మనిషి. కూకట్‌పల్లిలో ఆ భాగస్వామి చురుకైనవాడైతే అదే కంపెనీ బంగారం. రెండు వీధుల అవతల మరో భాగస్వామి దగ్గర ఇద్దరే లైన్‌మన్‌లు ఉంటే అదే కంపెనీ నరకం. అందుకే ఊరంతటికీ ఇచ్చే రేటింగుల కంటే పై అంతస్తులో ఉన్న పొరుగువాడి అనుభవం ఎక్కువ పనికొస్తుంది. ఆ అనుభవం మీ కాంప్లెక్సులోనే ఉంది. కాకపోతే వాట్సాప్ గ్రూపులో 'నెట్ పోయిందా?', 'మాకూ పోయింది' అన్న మాటల మధ్య, గుడ్ మార్నింగ్ పువ్వుల కింద కొట్టుకుపోతోంది.

లైను వచ్చే దారి సంగతి ఇంకా ముఖ్యం. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్లను కోయించడం మొదలుపెట్టింది. నగరంలో ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్ ఆగిపోయింది. మనుషుల ప్రాణాలు తీస్తున్న ఆ గుత్తులు దిగాల్సినవే, అందులో వాదన లేదు. అయితే ఒకే కంపెనీకి గేటు రాసిచ్చిన కాంప్లెక్సుల్లో రెండో దారి అన్నదే లేకుండా పోయింది. ఇంట్లో రెండు కనెక్షన్లున్నా, రెండూ ఒకే స్తంభం మీద నుంచి వస్తే ఒక్క కత్తెరకు రెండూ పోతాయి. ఏ కంపెనీ లైను స్తంభాల మీద వస్తోంది, ఏది భూమిలోంచి వస్తోంది అన్నది ఫ్లాట్‌లో కూర్చున్నవాళ్లకు తెలియదు. సెల్లార్‌లోకి వైరు ఎటు నుంచి దిగిందో చూసి చెప్పగలిగింది మీరే.

మీ వైపు వాదన కూడా నాకు తెలుసు. నలుగురిని రానిస్తే నాలుగు రకాల వైర్లు గోడల మీద పాకుతాయి. డ్రిల్లింగ్‌తో కొత్త రంగు పాడవుతుంది. ఎవడు కంపెనీ మనిషో, ఎవడు దొంగో సెక్యూరిటీకి తెలియదు. కనెక్షన్ మారిన ప్రతి ఇంట్లోనూ పాత వైరు అలాగే వేలాడుతుంది. ఇవన్నీ నిజాలే. కాని వీటిలో ఒక్కదానికీ మందు గుత్తాధిపత్యం కాదు. ఇవి డక్టు నిర్వహణ సమస్యలు, వాటికి నిర్వహణతోనే పరిష్కారం. పైగా తలుపు మూసినా తగువు ఆగదు. వైరు రానివ్వకపోతే జనం 5జీ ఎయిర్‌ఫైబర్ వైపు పోతున్నారు. ఎయిర్‌టెల్, జియో రెండూ 2023లో మొదలుపెట్టిన ఆ సేవకు టెర్రస్ మీదో బాల్కనీలోనో యూనిట్ బిగించాలి. అప్పుడు తగువు డక్టు నుంచి టెర్రస్ మీదికి ఎక్కుతుంది.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. 2004 నాటి విధానంలో 256 కేబీపీఎస్ వస్తే బ్రాడ్‌బ్యాండే. 2023లో ఆ గీతను పెంచి 2 ఎంబీపీఎస్ చేశారు. అంత వస్తే చాలు, చట్టం దృష్టిలో మాకు అందుతున్నది బ్రాడ్‌బ్యాండే. ఫిర్యాదులకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనలున్నాయి. కంపెనీ ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి, తృప్తి లేకపోతే ఆ కంపెనీలోనే అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. టెలికాం కంపెనీల మీద వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది కూడా. మంచి హక్కులే. కాని ఎల్లుండి ఆన్‌లైన్ పరీక్ష ఉన్న పిల్లకు 39 రోజుల హక్కు ఏం అక్కరకొస్తుంది? సాయంత్రంలోగా ఇంకో కంపెనీ లైను వేయించుకోగలిగితే అది అక్కరకొస్తుంది.

మరో మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి స్థలాల్లో ప్రతి ఫ్లాట్ యజమానికీ విడదీయరాని వాటా ఇచ్చింది. డక్టు కమిటీ సొత్తు కాదు, మా అందరి తరఫున మీరు చూసుకుంటున్న ఉమ్మడి ఆస్తి. దాన్ని ఒకరికే రాసివ్వడం ఎంత చిక్కో తెలియాలంటే మన పిల్లలు ఉంటున్న అమెరికా అపార్ట్‌మెంట్ల వైపు చూడండి. భవనంలోకి ఒక్క కంపెనీనే రానిచ్చే ఒప్పందాలను అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2007, 2008ల్లోనే నిషేధించింది. యజమానులు, కంపెనీలు ఆదాయం పంచుకునే దొడ్డిదారి కనిపెట్టారు. 2022లో ఆ పంపకాల్లో ప్రత్యేక హక్కులిచ్చే రకాలనూ నిషేధించాల్సి వచ్చింది. మన దగ్గర ట్రాయ్ 2024 అక్టోబర్‌లో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది. నీళ్లు, పార్కింగ్ గురించి అడిగినట్టే రేపు ఫ్లాటు కొనేవాళ్లు, అద్దెకు దిగేవాళ్లు ఆ రేటింగ్ గురించి అడుగుతారు. ఒకే కంపెనీ ఉన్న భవనమని తెలిస్తే ఇంటి నుంచి పనిచేసేవాడు ముందుగా పక్క కాంప్లెక్సు చూస్తాడు.

కాబట్టి వచ్చే జనరల్ బాడీ సమావేశం ఎజెండాలో ఈ అయిదు తీర్మానాలు పెట్టమని కోరుతున్నాను.

ఒకటి, ఇప్పటికే ఏ కంపెనీతోనైనా ఒప్పందం ఉంటే దాని కాపీ, గడువు, సంఘానికి అందిన సొమ్ము నోటీసు బోర్డు మీద పెట్టాలి. గడువు తీరాక 'ఇంకొకరిని రానివ్వం' అన్న షరతుతో ఏ ఒప్పందాన్నీ పొడిగించకూడదు.

రెండు, ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏ కంపెనీ అయినా ఒకే దరఖాస్తుతో, అందరికీ ఒకే రుసుముతో డక్టు వాడుకోవచ్చు. ఆ రుసుము డక్టు శుభ్రతకు, తాళానికి, స్విచ్‌లకు వాడే కరెంటుకు సరిపడా ఉంటే చాలు. అది సంఘానికి ఆదాయ మార్గం కాకూడదు.

మూడు, వైర్లన్నీ డక్టులోంచే రావాలి. ప్రతి వైరుకూ రెండు చివర్లలో కంపెనీ పేరు, ఫ్లాట్ నంబరు ఉన్న చీటీ ఉండాలి. కనెక్షన్ తీసేసినప్పుడు పాత వైరును ఆ కంపెనీయే తీసుకెళ్లాలి, లేదంటే డిపాజిట్‌లో కోత పెట్టాలి. పని చేయడానికి వచ్చే కంపెనీ మనుషుల పేర్లు గేటు దగ్గర ముందే నమోదు కావాలి.

నాలుగు, సెల్లార్‌లో ఉన్న అన్ని కంపెనీల స్విచ్‌లకూ జనరేటర్ లైను ఇవ్వాలి. ఒక కంపెనీకి ఇచ్చి మరో కంపెనీకి ఇవ్వకపోతే, దొంగచాటుగా గేటు మూసినట్టే.

అయిదు, సెక్యూరిటీ గదిలో ఒక రిజిస్టరు పెట్టాలి. ఏ కంపెనీ లైను ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, ఎన్ని ఫ్లాట్లకు పోయింది, లైను స్తంభం మీద నుంచి వస్తోందా, భూమిలోంచి వస్తోందా, ఇంటి దాకా ఫైబరా, సెల్లార్ దాకానేనా అన్నది అందులో రాయాలి. మూడు నెలలకోసారి ఆ పేజీ గ్రూపులో పెట్టాలి. కొత్తగా కనెక్షన్ తీసుకునే ఇంటికి అంతకంటే నమ్మకమైన సలహా ఏ ప్రకటనలోనూ దొరకదు.

రిజిస్టరు చేతికొచ్చాక మిగతాది మా పని. ఏడాది సొమ్ము ఒకేసారి కట్టకుండా మొదట ఒక నెల చూసుకోవడం, అప్‌లోడ్ ఎంతో అడగడం, 'అన్‌లిమిటెడ్' అన్న ప్లానుకు ఎన్ని జీబీల గీత ఉందో, అది దాటాక వేగం ఎంతకు పడిపోతుందో రాతపూర్వకంగా తీసుకోవడం, రూటర్ మాదా వాళ్లదా అని తేల్చుకోవడం, రాత్రి తొమ్మిదింటికి వైరు నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి వేగం కొలవడం. ఎంచుకున్న కంపెనీ బాగుంటే ఉంటాం, లేకపోతే మారతాం. తప్పుగా ఎంచుకుంటే నష్టం మా ఒక్క ఇంటిదే, మర్నెల దిద్దుకుంటాం. మీరు తప్పుగా ఎంచుకుంటే రెండు వందల ఇళ్లు ఒప్పందం గడువు తీరేదాకా భరించాలి.

ఈ అయిదింటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు, ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు. చేతులెత్తి ఆమోదిస్తే చాలు. ఏ తీర్మానానికైనా అభ్యంతరం ఉంటే కారణంతో సహా మినిట్స్‌లో రాయించండి. ఏ ఇంటికి ఏ లైను కావాలో ఆ ఇల్లే తేల్చుకుంటుంది. మీరు డక్టు తలుపు తెరిచి ఉంచండి.

ఇట్లు,
మీలాంటి సంఘానికే నెలనెలా మెయింటెనెన్స్ కట్టే ఒక ఫ్లాట్ యజమాని,
నిజాంపేట, హైదరాబాద్